విండోస్‌లో 438, డాకర్‌లో రూట్: ఫైల్ పర్మిషన్ల టెస్టులు మీరంతా ఎలా రాస్తున్నారు?

గోదారి_గట్టు
పైథాన్‌లో చిన్న కమాండ్‌లైన్ టూల్ ఒకటి మెయింటైన్ చేస్తున్నాను. లాగిన్ అయ్యాక వచ్చే టోకెన్‌ను ఒక ఫైల్‌లో దాచుకుంటుంది. దాని మీద రెండు టెస్టులున్నాయి. ఒకటి, ఆ ఫైల్ మోడ్ (ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అని చెప్పే అంకె) 0600 ఉందా అని, అంటే ఓనర్ తప్ప ఇంకెవరూ చదవకుండా, రాయకుండా. రెండోది, ఫోల్డర్‌కి 0500 (ఓనర్ చూడొచ్చు గానీ రాయలేడు) పెట్టి సేవ్ చేయబోతే మా టూల్ బారెడు ట్రేస్‌బ్యాక్ కక్కకుండా "ఇక్కడ రాయడానికి అనుమతి లేదు" అని మర్యాదగా చెబుతోందా అని. ఉబుంటులో ఎప్పుడూ పచ్చగానే ఉండేవి. ఈమధ్య సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు తనంతట తానే నడిపే చోట) విండోస్, మ్యాక్ కలిపాం, ఇంకో టీమ్ వాళ్లు డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపేది) కూడా రన్ చేస్తున్నారు. ఇక చూడండి. విండోస్‌లో మొదటి టెస్టు "384 రావాలి, 438 వచ్చింది" అంటోంది. రెండోది విండోస్‌లోనూ డాకర్‌లోనూ ఫెయిల్, ఎర్రర్ రావాల్సిన చోట ఫైల్ హాయిగా సేవ్ అయిపోతోంది. డాకర్ లోపల ఉన్నదీ లినక్సే కదా! మ్యాక్‌లో ఈ రెండూ పాస్, ఇంకేదో పోయింది, అది తర్వాత చెప్తా. మా లీడ్ "విండోస్ అయితే స్కిప్ అని ఒక లైన్ పెట్టేసి రిలీజ్ కానివ్వు" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

నైట్‌షిఫ్ట్_నాని
మీ లీడ్ చెప్పిందే చేస్తా. శుక్రవారం సాయంత్రమైతే అడక్కుండానే చేస్తా.

పాతకాపు_సీ
ముందు ఆ అంకెల సంగతి. పైథాన్ మోడ్‌ని దశాంశంలో చూపిస్తోంది కాబట్టి అయోమయంగా ఉంది. 384 అంటే ఆక్టల్‌లో (ఎనిమిది మూలంగా లెక్కిస్తే) 600, 438 అంటే 666. విండోస్‌లో సీహెచ్‌మోడ్ (మోడ్ మార్చే ఫంక్షన్) అనే పిలుపు పనిచేస్తుంది గానీ లోపల అది ముట్టుకునేది ఒక్క రీడ్ ఓన్లీ గుర్తునే. ఓనర్‌కి రాసే బిట్ ఉందా లేదా, అంతే చూస్తుంది. గ్రూప్, ఇతరులు అన్న బిట్లన్నీ చెత్తబుట్టలోకి. అందుకే మీరు 600 అడిగినా 640 అడిగినా తిరిగొచ్చేది 666 లేదా 444, మూడోది లేదు. అడిగింది చేయలేదని ఎర్రర్ కూడా ఇవ్వదు, అదే అసలు చిరాకు. పైగా ఫోల్డర్ మీద రీడ్ ఓన్లీ గుర్తు పెడితే విండోస్ దాన్ని లోపల కొత్త ఫైల్ పుట్టకుండా ఆపడానికి వాడదు. మీ రెండో టెస్టు అక్కడ పోవడానికి కారణం ఇదే.

రూట్_రాజా
డాకర్‌లో ఎందుకు పోయిందో నేను చెప్తా. ఇమేజ్‌లో యూజర్ ఎవరో చెప్పకపోతే లోపల మీరు రూట్, అంటే అన్ని అధికారాలున్న యూజర్. రూట్‌కి ఈ చదివే రాసే బిట్ల లెక్క వర్తించదు, కెర్నల్ చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ఫోల్డర్‌కి 0500 కాదు, 0000 పెట్టినా లోపల ఫైల్ రాసేస్తాడు. యూఐడీ (యూజర్ నంబర్) సున్నా, అంటే రూట్ అయితే స్కిప్ అని పెట్టుకోండి, అయిపోయింది.

గుంటూరు_గోఫర్
>> యూఐడీ సున్నా అయితే స్కిప్

అది సగమే నిజం రాజా. దాటి వెళ్లే శక్తి ఆ సున్నాలో లేదు, క్యాప్ డాక్ ఓవర్‌రైడ్ అనే కేపబిలిటీలో (కెర్నల్ ఇచ్చే ప్రత్యేక అధికారం) ఉంది. సెక్యూరిటీ వాళ్లు కంటైనర్‌లో కేపబిలిటీలన్నీ తీసేసి నడిపితే లోపల యూఐడీ సున్నానే చూపిస్తుంది కానీ తన 0500 ఫోల్డర్‌లో తనే రాయలేడు. అప్పుడు నీ టెస్టు నడవగలిగి కూడా స్కిప్ అవుతుంది. ఇక విండోస్‌లో ఆ యూఐడీ అడిగే ఫంక్షనే పైథాన్‌లో లేదు, స్కిప్ కండిషన్ దగ్గరే యాట్రిబ్యూట్ ఎర్రర్‌తో పడిపోతుంది.

నైట్‌షిఫ్ట్_నాని
స్కిప్ చేయడానికి కూడా టెస్టు రాయాలన్నమాట.

గుంటూరు_గోఫర్
జోక్‌లా అన్నావు గానీ చేయాల్సింది అదే. "నువ్వు ఏ ఓఎస్" అని అడగొద్దు, "ఇక్కడ పర్మిషన్ పనిచేస్తుందా" అని చేసి చూడు. టెస్టులు వాడే టెంప్ ఫోల్డర్‌లోనే ఇంకో ఫోల్డర్ చేసి, దానికి 0500 పెట్టి, లోపల ఒక ఫైల్ పుట్టించి చూడు. పుట్టిందంటే ఈ చోట పర్మిషన్లకు విలువ లేదు, స్కిప్. పుట్టలేదంటే టెస్టు నడిపించు. గిట్ వాళ్ల సొంత టెస్టుల్లో ఇది చాలాకాలంగా ఉంది. పాజిక్స్‌పెర్మ్ అని ఒక ముందస్తు షరతు (యూనిక్స్ తరహా పర్మిషన్లు ఉన్నాయా అని), శానిటీ అని ఇంకోటి. శానిటీ అంటే, బిట్లు చూసి ఫైల్ సిస్టమ్ ఏం చేస్తుందో సరిగ్గా చెప్పగలమా అని. రూట్‌గా నడిపితే చెప్పలేం, కాబట్టి ఆ షరతు ఉన్న టెస్టులు పక్కకు తప్పుకుంటాయి. పైథాన్ సొంత టెస్టుల సపోర్ట్ కోడ్‌లోనూ సీహెచ్‌మోడ్ పనిచేస్తుందా అని ఒకటి, రూట్‌లా దాటగలమా అని ఒకటి, రెండు వేరువేరు పరీక్షలున్నాయి. రెండు ప్రశ్నలూ వేరు, అది గమనించండి.

డబ్ల్యూఎస్ఎల్_బాధితుడు
+1. ఓఎస్ పేరు చూసి నిర్ణయించే వాళ్లందరినీ మా మెషీన్ల ముందు కూర్చోబెట్టాలి. డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపేది) అడిగితే లినక్స్ అనే చెబుతుంది. కానీ ప్రాజెక్ట్ సీ డ్రైవ్‌లో ఉండి, ఎంఎన్‌టీ (విండోస్ డ్రైవ్‌లు కనిపించే ఫోల్డర్) కింద నుంచి తెరిచామంటే మెటాడేటా ఆప్షన్ పెట్టనంతవరకు మామూలు ఫైళ్లన్నీ 777 చూపిస్తాయి, సీహెచ్‌మోడ్ కొట్టినా రీడ్ ఓన్లీ గుర్తు తప్ప ఇంకేదీ కదలదు. అదే ప్రాజెక్ట్‌ని డబ్ల్యూఎస్ఎల్ లోపలి హోమ్‌కి కాపీ చేస్తే మొత్తం పాస్. ఒకే లాప్‌టాప్, ఒకే కెర్నల్, ఫోల్డర్ మారితే ఫలితం మారింది. ఆటోమౌంట్ సెట్టింగ్‌లో మెటాడేటా, యూమాస్క్ 22 పెట్టుకున్నాక కొంత దారికొచ్చింది.

మాక్_మహిమ
గోఫర్ చెప్పింది బానే ఉంది గానీ నాకు అసలు ఆ రెండో టెస్టుకి నిజం పర్మిషన్లు ఎందుకో అర్థం కాలేదు. అక్కడ పరీక్షిస్తున్నది ఏంటి? ఎర్రర్ వస్తే మెసేజ్ సరిగ్గా చూపిస్తున్నామా అని. అయితే ఓపెన్ ఫంక్షన్‌ని మంకీప్యాచ్ చేసి (టెస్టు నడిచేంతసేపు దాని చోట నకిలీది పెట్టి) పర్మిషన్ ఎర్రర్ విసిరిస్తే చాలు. మూడు ఓఎస్‌ల మీదా, రూట్‌గా కూడా, ఒకేలా నడుస్తుంది. కెర్నల్ పర్మిషన్లు సరిగ్గా అమలు చేస్తోందా అని పరీక్షించడం మన పని కాదు, దానికి జీతం తీసుకునేవాళ్లు వేరే ఉన్నారు.

పాతకాపు_సీ
మహిమ గారూ, ఇక్కడ ఒప్పుకోను. ఓపెన్‌ని మాక్ చేశారు (నకిలీది పెట్టారు) సరే. రేపు ఎవరో అదే కోడ్‌ని పాత్‌లిబ్ రైట్ టెక్స్ట్‌కి మార్చారనుకోండి, లేదా పక్కన తాత్కాలిక ఫైల్ రాసి రీప్లేస్ చేసే పద్ధతికి మార్చారనుకోండి. మీ ప్యాచ్ ఎవరికీ తగలదు, లేదా తగలకూడని చోట తగులుతుంది. రెండో పద్ధతిలో ఎర్రర్ ఓపెన్ దగ్గర కాదు, రీప్లేస్ దగ్గర కూడా రావచ్చు. ముఖ్యంగా విండోస్‌లో ఆ ఫైల్‌ని యాంటీవైరస్‌గానీ ఎడిటర్‌గానీ తెరిచి పట్టుకుంటే రీప్లేస్ దగ్గరే యాక్సెస్ డినైడ్ వస్తుంది. మాక్‌లో మనం ఊహించిన ఎర్రరే వస్తుంది. ప్రొడక్షన్‌లో ఊహించనివి వస్తాయి.

మాక్_మహిమ
అదీ నిజమే, కానీ అందుకని ప్రతి టెస్టూ డిస్క్ మీద దెబ్బలాడాలా? మెసేజ్‌కి మాక్, దాంతోపాటు నిజం డిస్క్ మీద ఒకే ఒక్క టెస్టు, అది నడవగలిగిన చోట నడుస్తుంది. నా లెక్క అది. మొత్తం ఇరవై టెస్టులూ సీహెచ్‌మోడ్ చేస్తూ కూర్చుంటే సీఐ చూసే వాళ్లకి పిచ్చెక్కుతుంది.

బెజవాడ_బిట్స్
సీహెచ్‌మోడ్ లేకుండా, మాక్ లేకుండా నిజం ఎర్రర్ తెప్పించే చిట్కా ఒకటుంది. టోకెన్ ఫైల్ ఉండాల్సిన చోట అదే పేరుతో ఫోల్డర్ సృష్టించండి. ఇప్పుడు రాయమనండి. రూట్ అయినా, అడ్మిన్ అయినా ఫోల్డర్‌లోకి టెక్స్ట్ రాయలేరు. లినక్స్, మ్యాక్‌లో ఈజ్ ఎ డైరెక్టరీ ఎర్రర్ వస్తుంది, విండోస్‌లో పర్మిషన్ ఎర్రరే వస్తుంది, రెండూ ఓఎస్ ఎర్రర్ పిల్లలే. మీ కోడ్ ఓఎస్ ఎర్రర్ పట్టుకునేలా ఉంటే ఒక్క టెస్టు, అన్నిచోట్లా నడుస్తుంది. ఇంకోలా కావాలంటే పేరెంట్ ఫోల్డర్ ఉండాల్సిన చోట మామూలు ఫైల్ పెట్టండి, అప్పుడూ రాయడం కుదరదు.

గోదారి_గట్టు
బిట్స్ గారి చిట్కా ఇప్పుడే పెట్టి చూశా, అన్నిచోట్లా పచ్చ. డాకర్ రూట్‌తో సహా. రెండో టెస్టు బాధ తీరినట్టే. పాతకాపు గారి మాటకి కూడా ఇది సరిపోతుంది, ఓపెన్ ఎలా రాసినా నిజం ఎర్రరే వస్తుంది కదా.

మొదటిది మాత్రం అలాగే ఉంది. దాన్ని విండోస్‌లో స్కిప్ చేయడం తప్ప దారి లేదా?

అనంత_సెక్యూర్
ఇప్పటిదాకా చదువుతూ వచ్చాను, ఒక్కరూ అడగలేదు. ఆ టెస్టు విండోస్‌లో ఎందుకు ఫెయిల్ అయింది? ఎందుకంటే విండోస్‌లో మీ టూల్ టోకెన్‌ను దాచడం లేదు కాబట్టి. టెస్టు సరిగ్గానే చెబుతోంది! రీడ్‌మీలో "టోకెన్ మీకు తప్ప ఎవరికీ కనపడదు" అని రాసి ఉంటారు, ఆ మాట విండోస్‌లో మీ కోడ్ వల్ల నిజం కావడం లేదు. యూజర్ ప్రొఫైల్ కింద ఫైల్ ఉంటే అదృష్టం, పై ఫోల్డర్ నుంచి వచ్చే ఏసీఎల్ (ఎవరికి ఏ అనుమతి అన్న జాబితా) వల్ల మామూలుగా ఆ యూజర్, సిస్టమ్, అడ్మిన్లు మాత్రమే చూడగలరు. కానీ ఎవరైనా కాన్ఫిగ్ పాత్‌ని ప్రోగ్రామ్ డేటాకో సీ డ్రైవ్‌లో ఇంకో ఫోల్డర్‌కో మార్చుకుంటే అదే మెషీన్‌లో ఇంకో యూజర్ లాగిన్ అయి చదువుకోవచ్చు. ఇప్పుడు ఆ టెస్టుని స్కిప్ చేస్తే మీరు దాస్తున్నది టోకెన్‌ని కాదు, బగ్‌ని.

నైట్‌షిఫ్ట్_నాని
అమ్మో. శుక్రవారం మాట వెనక్కి తీసుకుంటున్నా.

గోదారి_గట్టు
పాత్ మార్చుకునే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మా టూల్‌లో ఉంది మరి. సరే, విండోస్‌లో ఏం చేయాలి? ఏసీఎల్‌లు చేత్తో రాయాలా?

అనంత_సెక్యూర్
మూడు దారులున్నాయి. అన్నిటికన్నా మంచిది ఫైల్‌లో పెట్టకపోవడం. కీరింగ్ లైబ్రరీ వాడితే విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్‌లోకి, మ్యాక్‌లో కీచైన్‌లోకి వెళ్తుంది. కానీ స్క్రీన్ లేని లినక్స్ సర్వర్‌లో దానికి సరైన బ్యాకెండ్ దొరక్క గొడవ, కాబట్టి అక్కడ ఎలాగూ ఫైలే. రెండోది ఐకాక్ల్స్ అనే విండోస్ కమాండ్‌తో పై ఫోల్డర్ అనుమతుల వారసత్వం తెంచి, ఆ యూజర్‌కి మాత్రం ఇవ్వడం. మూడోది చాలామందికి తెలీదు. పైథాన్ 3.13 నుంచి, సెక్యూరిటీ సవరణగా 3.12.4లో కూడా, విండోస్‌లో ఎంకేడీఐఆర్‌కి (ఫోల్డర్ సృష్టించే ఫంక్షన్) సరిగ్గా 0700 ఇస్తే దాన్ని ప్రత్యేకంగా చూస్తుంది, ప్రస్తుత యూజర్‌కీ అడ్మిన్లకీ మాత్రమే అందేలా ఫోల్డర్ చేస్తుంది. మిగతా ఏ మోడ్ ఇచ్చినా పట్టించుకోదు. 0700తో సొంత ఫోల్డర్ చేసుకుని టోకెన్ అందులో పెట్టండి. ముందే ఉన్న ఫోల్డర్‌కి ఇది వర్తించదు, కొత్తగా పుట్టే దానికే.

సీషార్ప్_శాస్త్రి
ఐకాక్ల్స్ వాడితే ఒక జాగ్రత్త. గ్రూపు పేర్లు ఇంగ్లీషులో రాయకండి. మా క్లయింట్ జర్మనీలో, అక్కడి విండోస్‌లో ఎవ్రీవన్ అన్న గ్రూపు పేరు యేడర్. మా టెస్టు స్క్రిప్టు హైదరాబాద్‌లో పాస్, వాళ్ల బిల్డ్ సర్వర్‌లో "అలాంటి పేరు లేదు" అని ఏడుపు. నక్షత్రం పెట్టి ఎస్-1-1-0 అని ఎస్ఐడీ (యూజర్‌నో గ్రూపునో విండోస్ గుర్తించే నంబర్) ఇస్తే ఏ భాష విండోస్‌లోనైనా నడుస్తుంది. ఇంకోటి, విండోస్‌లో అడ్మిన్ అంటే లినక్స్ రూట్ కాదు. డినై అని పెడితే అడ్మిన్‌గా నడుస్తున్న టెస్టుకీ మామూలుగా అది వర్తిస్తుంది. కాబట్టి చదవలేని ఫైల్ నిజంగా కావాలంటే విండోస్‌లోనే తేలిక, నమ్మండి. టెస్టయ్యాక ఆ డినై తీయడం మర్చిపోతే మాత్రం క్లీనప్ దగ్గర మొత్తం బిల్డ్ చస్తుంది.

కొత్త_టెస్టర్
క్లీనప్ అంటే గుర్తొచ్చింది, మాకు టెస్టు పాస్ అవుతుంది గానీ ఆ తర్వాత టెంప్ ఫోల్డర్ డిలీట్ అవ్వడం లేదు, విండోస్‌లో మాత్రమే. టెస్టులో ఒక గిట్ రెపో క్లోన్ చేస్తాం. విన్ ఎర్రర్ 5 అంటుంది. ఇది కూడా దీనికి సంబంధించిందేనా?

పాతకాపు_సీ
దీనికి సంబంధించిందే బాబూ. గిట్ తన ఆబ్జెక్ట్ ఫైళ్లని రీడ్ ఓన్లీగా రాస్తుంది. యూనిక్స్‌లో ఫైల్‌ని తీసేయడానికి ఆ ఫైల్ పర్మిషన్‌తో పనిలేదు, అది ఉన్న ఫోల్డర్‌లో రాసే అనుమతి ఉంటే చాలు. విండోస్‌లో రీడ్ ఓన్లీ గుర్తు ఉన్న ఫైల్‌ని డిలీట్ చేయనివ్వదు. ఆర్ఎంట్రీకి (ఫోల్డర్ మొత్తం తీసేసే ఫంక్షన్) ఎర్రర్ హ్యాండ్లర్ ఇచ్చి, అందులో రాసే బిట్ పెట్టి మళ్లీ తీసేయమనండి. ఆ ఆర్గ్యుమెంట్ పేరు పైథాన్ 3.12లో ఆన్ఎక్స్‌సీ అయింది, పాతది ఆన్ఎర్రర్. లేదా టెంపరరీ డైరెక్టరీ క్లాస్ వాడండి, అది 3.8 నుంచి ఈ పని తనే చేసుకుంటుంది. విన్ ఎర్రర్ 32 వస్తే అది వేరే జబ్బు, ఎవరో ఫైల్ మూయకుండా వదిలేశారు.

కొత్త_టెస్టర్
32 కూడా వస్తుందండీ అప్పుడప్పుడు 😭

మాక్_మహిమ
లినక్స్‌లో దీనికి తిరగేసిన బాధ ఉంటుంది. ఫోల్డర్‌కి 0000 పెట్టిన టెస్టు మధ్యలో అసర్ట్ ఫెయిల్ అయితే, మోడ్ వెనక్కి పెట్టే లైన్ నడవదు, ఆ ఫోల్డర్ అక్కడే శిలావిగ్రహంలా ఉండిపోతుంది. ఫిక్స్‌చర్‌లో (టెస్టుకి ముందూ తర్వాతా నడిచే కోడ్) ఈల్డ్ తర్వాత పెట్టండి ఆ లైన్‌ని, టెస్టు చివర కాదు.

డెవాప్స్_దొరసాని
ఉబుంటులో ఎప్పుడూ పచ్చగా ఉంది కాబట్టి మొదటి టెస్టు కరెక్ట్ అని అందరూ ఒప్పేసుకున్నారు. నాకు డౌటే. గోదారి గారూ, మీ లాప్‌టాప్ యూమాస్క్ (కొత్త ఫైల్ నుంచి ఏ అనుమతులు తీసేయాలో చెప్పే అంకె) ఎంత?

గోదారి_గట్టు
చూసి చెప్తా... 0077. ఆఫీసు వాళ్లు ఇచ్చిన ఇమేజ్, సెక్యూరిటీ సెట్టింగ్స్ వాళ్లవే. ఎందుకు?

డెవాప్స్_దొరసాని
అనుకున్నా. యూమాస్క్ 077 ఉన్న చోట మామూలుగా ఫైల్ తెరిచి రాసినా 600యే వస్తుంది. అంటే మీ కోడ్‌లో 0600 పెట్టే లైన్ ఎవరైనా తీసేసినా మీ దగ్గర టెస్టు పాస్ అవుతూనే ఉంటుంది. 022 ఉన్న చోట 644 వస్తుంది, కొన్ని డిస్ట్రోల్లో యూమాస్క్ 002, అక్కడ 664. మోడ్ మీద టెస్టు రాస్తే ముందు యూమాస్క్‌ని సున్నా చేసి, అప్పుడు ఫైల్ పుట్టించి, తర్వాత పాత విలువ వెనక్కి పెట్టాలి. సున్నా మాస్క్‌తో కూడా 600 వచ్చిందంటే అది మీ కోడ్ గొప్పతనం. యూమాస్క్ ప్రాసెస్ మొత్తానికి ఒకటే కాబట్టి టెస్టుల్లో త్రెడ్లు నడుస్తుంటే ఈ పనిని సబ్‌ప్రాసెస్‌లో చేయండి.

గోదారి_గట్టు
ఆ లైన్ తీసేసి నడిపి చూశా. పాస్ అయింది. యూమాస్క్ సున్నా చేసి నడిపితే 438. అంటే ఉబుంటులో కూడా విండోస్ అంకే!

అనంత_సెక్యూర్
ఆ కోడ్ ఎలా రాశారో కూడా చూపండి. ఓపెన్ చేసి, టోకెన్ రాసి, తర్వాత సీహెచ్‌మోడ్ అయితే మధ్యలో కాసేపు ఫైల్ అందరికీ తెరిచి ఉన్నట్టే. ఓఎస్ మాడ్యూల్‌లోని ఓపెన్‌తో పుట్టేటప్పుడే 0600 ఇవ్వాలి, ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగ్‌తో, అంటే ఫైల్ ముందే ఉంటే ఎర్రర్ వచ్చేలా. ఫైల్ ముందే ఉంటే ఆ మోడ్ ఆర్గ్యుమెంట్‌ని పట్టించుకోదు, అందుకే ఎక్స్‌క్లూజివ్. టెస్టులో "పాత ఫైల్ 644తో ఉంది, మళ్లీ లాగిన్ అయ్యారు" అన్న కేసు కూడా కలపండి, చాలా టూల్స్ అక్కడే దొరికిపోతాయి.

జావా_జీవి
జావా వాళ్లం ఈ విషయంలో కాస్త అదృష్టవంతులం, ఒప్పుకోండి. పాజిక్స్ పర్మిషన్లు విండోస్‌లో అడిగితే అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ అని మొహం మీదే ఎక్సెప్షన్ కొడుతుంది, మీ పైథాన్‌లా నవ్వుతూ ఏమీ చేయకుండా ఉండదు. ఫైల్ సిస్టమ్‌నే "నీ దగ్గర పాజిక్స్ వ్యూ ఉందా" అని అడగొచ్చు, ఓఎస్ పేరుతో పనేలేదు.

గుంటూరు_గోఫర్
గోలో కూడా పైథాన్ కథే, విండోస్‌లో 0200 బిట్ ఒక్కటే వాడుతుంది. డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, ఎవరూ చదవరు. గోదారి గారూ, మ్యాక్‌లో ఏదో పోయిందన్నారు, అది చెప్పనేలేదు?

గోదారి_గట్టు
ఆ, ఫైల్ గ్రూపు మన గ్రూపేనా అని ఇంకో చిన్న టెస్టుంది. మ్యాక్‌లో వీల్ అనే గ్రూపు వస్తోంది. నేనెప్పుడూ వినలేదు ఆ పేరు.

మాక్_మహిమ
టెస్టులో నేరుగా /టీఎంపీ అని రాసుంటారు. మ్యాక్‌ది బీఎస్‌డీ సంప్రదాయం, కొత్త ఫైల్‌కి గ్రూపు అది పుట్టిన ఫోల్డర్ నుంచి వస్తుంది. /టీఎంపీ గ్రూపు వీల్. లినక్స్‌లో సెట్‌జీఐడీ (ఫోల్డర్ గ్రూపే లోపలి ఫైళ్లకీ వచ్చేలా చేసే గుర్తు) పెట్టిన ఫోల్డర్ అయితే తప్ప ప్రాసెస్ గ్రూపు వస్తుంది. పైటెస్ట్ ఇచ్చే టెంప్ పాత్ వాడండి, పోతుంది. అసలు ఆ టెస్టు ఎందుకుందో కూడా ఎవరినైనా అడగండి. 0600 అయ్యాక గ్రూపు ఏదైతే ఏంటి?

గోదారి_గట్టు
రాసినాయన కంపెనీ మారిపోయాడు. తీసేస్తున్నా.

డబ్ల్యూఎస్ఎల్_బాధితుడు
ఎవరైనా టెస్టుల్లో షెల్ స్క్రిప్టులు ఫిక్స్‌చర్లుగా పెట్టుకుంటే ఇదీ చూసుకోండి. గిట్ గుర్తుపెట్టుకునేది ఎగ్జిక్యూట్ బిట్ ఒక్కటే, 644 లేదా 755. విండోస్‌లో ఆ బిట్ పెట్టడానికి సీహెచ్‌మోడ్ కుదరదు కాబట్టి అక్కడి నుంచి కొత్త స్క్రిప్టు కమిట్ చేసినవాళ్ల వల్ల లినక్స్ సీఐలో "పర్మిషన్ డినైడ్". గిట్ అప్‌డేట్ ఇండెక్స్‌కి సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్ ఇచ్చి కమిట్ చేయాలి.

నైట్‌షిఫ్ట్_నాని
ఒక డౌట్, ఈసారి సీరియస్‌గానే. గోఫర్ చెప్పినట్టు చేసి చూసి స్కిప్ చేశాం, బానే ఉంది. సీఐలో అన్ని మెషీన్లూ ఏదో కారణంతో స్కిప్ కొట్టాయనుకోండి. ఆ టెస్టు ఎక్కడా నడవదు, రంగు మాత్రం పచ్చ. ఎవరికి తెలుస్తుంది?

డెవాప్స్_దొరసాని
నాని మొదటిసారి పనికొచ్చే మాట అన్నాడు. మా దగ్గర ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టాం, అది ఉన్న జాబ్‌లో ఈ ప్రోబ్ (గోఫర్ చెప్పిన చేసి చూసే పరీక్ష) విఫలమైతే స్కిప్ బదులు ఫెయిల్. ఆ జాబ్ లినక్స్ మీద, మామూలు యూజర్‌తో నడుస్తుంది. డాకర్‌లో అయితే యూజర్‌ని 1000 అని ఇవ్వండి, హోమ్ ఫోల్డర్ లేదని కొన్ని టూల్స్ గోల చేస్తాయి, హోమ్‌ని టెంప్‌కి చూపిస్తే సరి. మిగతా మెషీన్లలో స్కిప్ అయినా పర్లేదు. పైటెస్ట్‌కి ఆర్ఎస్ ఆప్షన్ ఇస్తే స్కిప్ కారణాలు లాగ్‌లో చివర వస్తాయి, అవి కూడా ఎవరో ఒకరు చదవాలి అనుకోండి.

మాక్_మహిమ
ఎవరూ చదవరు.

గోదారి_గట్టు
సరే, ఇప్పుడున్న పరిస్థితి ఇది. మెసేజ్ టెస్టు బిట్స్ గారి ఫోల్డర్ చిట్కాతో అన్నిచోట్లా. 0600 టెస్టు యూమాస్క్ సున్నాతో, సీహెచ్‌మోడ్ పనిచేసే చోట మాత్రమే, లినక్స్ జాబ్‌లో తప్పనిసరి. రూట్‌గా కూడా నడుస్తుంది, మోడ్ చూడటానికి రూట్ అడ్డం కాదు కదా. విండోస్‌కి 0700 ఫోల్డర్ దారి తీసుకున్నా, దానికి వేరే టెస్టు రాయాలి, ఐకాక్ల్స్ ఔట్‌పుట్‌లో యూజర్స్ గ్రూపు లేదని చూద్దామనుకుంటున్నా. మా లీడ్‌కి చూపిస్తే "మరి పైథాన్ 3.11 విండోస్ యూజర్లు?" అన్నాడు. ఈసారి ఆయన ప్రశ్నే కరెక్టు.

సీషార్ప్_శాస్త్రి
ఐకాక్ల్స్ ఔట్‌పుట్‌లో "యూజర్స్" అన్న మాట వెతికితే జర్మనీలో మళ్లీ అదే కథ. ఎస్ఐడీతో పోల్చండి, యూజర్స్‌ది ఎస్-1-5-32-545.

అనంత_సెక్యూర్
ఆ సవరణ అందని 3.11 వాళ్లకి ఎంకేడీఐఆర్ ఆ పని చేయదు, అక్కడ ఐకాక్ల్స్ పిలవాల్సిందే, లేదా కీరింగ్. ఏదీ కుదరకపోతే ప్రొఫైల్ బయట పాత్ ఇచ్చినప్పుడు సేవ్ చేయకుండా ఆపి, కారణం చెప్పండి. దానికి టెస్టు రాయడం కూడా తేలిక.

టెర్మక్స్_తమ్ముడు
నేను ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ (లినక్స్ టెర్మినల్ యాప్) మీద మీ టూల్ లాంటిదే నడుపుతా. షేర్డ్ స్టోరేజ్‌లో పెడితే సీహెచ్‌మోడ్ ఎంత కొట్టినా మోడ్ మారదు. కెర్నల్ పేరు అడిగితే లినక్సే అంటుంది. దీనికి కూడా వేరే స్కిప్ రాయాలా అన్నా?

గుంటూరు_గోఫర్
అక్కర్లేదు తమ్ముడూ, ప్రోబ్ ఆ ఫోల్డర్‌లోనే నడిస్తే అదే పట్టుకుంటుంది. టోకెన్ మాత్రం షేర్డ్ స్టోరేజ్‌లో పెట్టకు, టెర్మక్స్ సొంత హోమ్‌లో పెట్టు.